మేక కోసం వచ్చిన పెద్దమనుషులు

శుక్రవారం పొద్దున అబూ నిమర్ వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. కాఫీ కప్పు పట్టుకుని పెరట్లోకి వెళ్ళాలి. ములూఖియా మడి ముందు కుర్చీ వేసుకుని, నడుము ఎత్తుకు ఎదిగిన ఆ ఆకుకూరను తనివితీరా చూసుకోవాలి. ఆ తర్వాత తన చేత్తో తానే కోసి, కట్టలు కట్టి భార్య చేతిలో పెట్టాలి. అప్పుడు ఆవిడ ముఖం ఎలా మాడిపోతుందో దగ్గరుండి చూడాలి. పథకంలో అసలు రుచి ఈ చివరి ముక్కలోనే ఉంది.

అబూ నిమర్ సర్వే శాఖలో రిటైరయ్యాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పరాయివాళ్ళ పొలాలకు హద్దురాళ్ళు పాతించి, ఆఖరికి తనకంటూ మిగుల్చుకున్నది జోర్డాన్‌లోని మా సల్త్ ఊరి కొండవాలు మీద ఒక పాత రాతి ఇల్లు, దాని వెనక ఓ పాతిక చాపలు పరిచేంత నేల. ఆ నేలలో టమాటా ఉంది, దోస ఉంది, పుదీనా ఉంది, టీలో వేసుకునే మరమియా ఆకు ఉంది, రైహాన్ తులసి ఉంది, గోడ మీదికి పాకిన మల్లెతీగ ఉంది. లేనిదల్లా తిండి ఒక్కటే. ఎందుకంటే అబూ నిమర్ పెంచుతాడు గానీ కోయడు, కోయనివ్వడు. కత్తెర పట్టుకుని ఎవరైనా పెరటి గడప దాటితే అతనికి గుండె దడ. టమాటాలు చెట్టునే పగిలిపోయేవి. దోసకాయలు ముదిరి పసుపు రంగుకు తిరిగేవి. పెరట్లో పుదీనా పొదలు పొదలుగా ఉండగా, భార్య ఉమ్ నిమర్ సంచీ పట్టుకుని కొండ దిగి బజారుకెళ్ళి పుదీనా కట్ట కొనుక్కుని వచ్చేది. అలా ఎన్నేళ్ళు కొంటుంది ఏ ఆడదైనా?

అందుకే ఆవిడ తీర్పు చెప్పేసింది. పెరడంతా నున్నగా రాతి పలకలు పరిపించేస్తానంది. ఆవిడ తమ్ముడు దాహిర్‌ది పలకల వ్యాపారమే. అక్క నోటిమాట పూర్తికాక ముందే సరుకు బండిలో వేయించి, పెరటి గోడ పక్కన పేర్పించి వెళ్ళాడు. ఆ పలకల దొంతరను చూసినప్పుడల్లా అబూ నిమర్‌కి తన సమాధి రాళ్ళు తెచ్చి పెట్టినట్టే ఉండేది. బతిమాలగా బతిమాలగా ఒప్పందం ఒకటి కుదిరింది. శుక్రవారం దాహిర్ భోజనానికి వస్తాడు. ఈ నేల మీద పండిన ములూఖియా అతని పళ్ళెంలో పడితే పలకలు వెనక్కి పోతాయి. పడకపోతే తాపీమేస్త్రీ ఆ రోజే పని మొదలుపెడతాడు.

ఇంత బరువున్న శుక్రవారం కాబట్టి అబూ నిమర్ ఠీవిగా లేచాడు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. భార్య లేదు. సెలవు రోజు కదా, పై వీధిలో అక్క ఇంటికి పోయి ఉంటుందిలే అనుకుని తానే కాఫీ కాచుకుని పెరటి తలుపు తీశాడు.

మడిలో ములూఖియా లేదు. జానెడు జానెడు కాడల మొండాలున్నాయి. ఆ మొండాల మధ్య అమీరా నిలబడి ఉంది.

అమీరా, అంటే రాకుమార్తె, పక్కింటి అవ్వాద్ మేక. మేక అంటే ఊరమేక కాదు, డమాస్కస్ జాతి. ఎర్రని ఒళ్ళు, ఎత్తు ముక్కు, మెడ కిందికి వేలాడే చెవులు. అవ్వాద్ పొద్దున లేవగానే ముందు మేకనీ తర్వాత పెళ్ళాన్నీ పలకరిస్తాడని వీధిలో ప్రతీతి. అమీరా అబూ నిమర్ వైపు తలెత్తి చూసింది. దాని నోట్లోంచి ఒకే ఒక ములూఖియా ఆకు వేలాడుతోంది. దాన్ని కూడా అతను చూస్తుండగానే లోపలికి లాగేసుకుంది.

కాఫీ కప్పు ఎక్కడ పడిందో అబూ నిమర్‌కి తెలియదు. పాదాలకు ఒక్కో జతలోది ఒక్కో చెప్పు తగిలించుకుని, చేతికందిన మొండెం ఒకటి పీక్కుని, వీధిలోకి పరుగు తీశాడు. మా ఊళ్ళో శుక్రవారం పొద్దున మగవాణ్ణి వెతకాలంటే ఇంటికి వెళ్ళనక్కర్లేదు. ఫలాఫెల్ వడల కొట్టు ముందు గిన్నె పట్టుకుని నిలబడి ఉంటాడు. అవ్వాద్ కూడా అక్కడే, హుమ్ముస్ శనగముద్ద గిన్నె ఒక చేతిలో, వేడి రొట్టెలు ఒక చేతిలో పెట్టుకుని, అందరితో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

"అవ్వాద్! నీ రాకుమార్తెగారి ఫలహారం అయిపోయిందయ్యా! నువ్వింకా వరసలోనే ఉన్నావా?"

"ఏమైందన్నా?"

"ఏమైందా? ఇదిగో చూడు!" మొండెం గాల్లో ఊపాడు అబూ నిమర్. "విత్తనం వేసిన దగ్గర్నుంచీ కళ్ళల్లో పెట్టుకుని సాకాను. ఒక్క ఆకు మిగల్చకుండా మేసేసింది నీ మేక!"

"అయ్యో, తాడు కట్టే వచ్చానే..."

"తాడు దానికి కాదు, నీకు కట్టాలి! మేకకి బుద్ధి లేదు సరే, పెంచేవాడికైనా ఉండొద్దూ?"

ఇంతవరకూ బాగానే ఉంది. ఇంతవరకూ అయితే అవ్వాద్ సిగ్గుపడేవాడు, జనం నవ్వేవాళ్ళు, సాయంత్రానికి అంతా మర్చిపోయేవాళ్ళు. కానీ అబూ నిమర్‌కి మాట్లాడుతున్నప్పుడు తన గొంతు తనకే ముచ్చటగా వినిపిస్తుంది. అక్కడే కొంప మునిగింది.

"ఇవాళ్టి నుంచి నా ఇంటి కాఫీ నీకు లేదు. నీ ఇంటి కాఫీ నాకు విషం. విన్నారుగా అందరూ!"

ఫలాఫెల్ వేయించేవాడి జల్లిగరిట నూనె మీద ఆగిపోయింది. మా ఊళ్ళో ఎవణ్ణయినా తిట్టొచ్చు, కోర్టుకు లాగొచ్చు, పదేళ్ళు మాట్లాడకుండా ఉండొచ్చు. కాఫీ మాత్రం తెంచకూడదు. నలుగురిలో కాఫీ తెంచేశారంటే ఇక అది ఇద్దరు మనుషుల గొడవ కాదు. పెద్దమనుషులు బయల్దేరాలి. జాహ కట్టాలి. తప్పు చేసినవాడి తరఫున ఊరి పెద్దలంతా కలిసి అవతలివాడి గుమ్మంలోకి వెళ్తారు. అవతలివాడు కాఫీ పోస్తాడు. పెద్దాయన కప్పు తీసుకుని తాగకుండా కింద పెడతాడు. వచ్చిన పని ఇదీ అని చెప్తాడు. ఇంటాయన "తాగండి, మీరొచ్చిన పని అయినట్టే" అన్నాకే కప్పు పెదాలకు తగులుతుంది. పిల్లనడగడానికైనా, చావు తగవు తీర్చడానికైనా ఇదే పద్ధతి. మేకలకు ఇంతవరకూ వాడలేదు, అంతే.

అవ్వాద్ హుమ్ముస్ గిన్నె అక్కడే వదిలేసి, మొహం కందగడ్డలా చేసుకుని తిన్నగా బర్జస్ పాషా ఇంటికి వెళ్ళాడు.

పాషా సైన్యంలో పెద్ద హోదాలో చేసి దిగినవాడు. చుట్టుపక్కల ఏ జాహకైనా ముందు నడిచేది ఆయనే. శుక్రవారాల్లో అయితే ఒకటి ముగించుకుని ఇంకోదానికి వెళ్తుంటాడు. ఏ ఇంటి కాఫీ ఎలా ఉంటుందో ఊళ్ళో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అవ్వాద్ కథంతా విన్నాడు, లేదా విన్నట్టు తల పంకించాడు.

"మనం ఎంతమందిమి వెళ్తున్నాం?" అని ఒక్కటే అడిగాడు.

"మీరూ, నేనూ, ఇంకో ఇద్దరు చాలనుకుంటున్నా పాషా. మేక విషయమే కదా."

"నలుగురా? నలుగురు వస్తే అది జాహ ఎలా అవుతుందయ్యా, పేకాట అవుతుంది. చర్చి ఫాదర్‌గారికి చెప్పు. ఫాదర్‌గారికి చెప్పి ఇమామ్‌గారికి చెప్పకపోతే బాగోదు. ఇమామ్‌గారు వస్తే పై వీధివాళ్ళు వస్తారు. పై వీధివాళ్ళను పిలిచి కింది వీధివాళ్ళను వదిలేస్తే వాళ్ళకోసం ఇంకో జాహ కట్టాల్సొస్తుంది."

ఇలా లెక్క తేలింది. కబురు ఫలాఫెల్ కొట్టు దగ్గర బయల్దేరినప్పుడు మేక గురించే. మంగలి దుకాణం చేరేసరికి మేకను కారు గుద్దింది. మందుల షాపు దగ్గర కారు మేకను తప్పించబోయి మనిషిని గుద్దింది. మసీదు మెట్ల దగ్గరికొచ్చేసరికి మనిషి ఆస్పత్రిలో ఉన్నాడు. అవతల పాషా జరీ అంచు అంగీ వేసుకున్నాడని చూసినవాళ్ళు మాత్రం, ఇది కచ్చితంగా పిల్లనడిగే వ్యవహారమేనని తేల్చేశారు. అందువల్ల నమాజు తర్వాత బయల్దేరిన ఆ గుంపులో సగంమంది పరామర్శ ముఖాలతోనూ, మిగతా సగం పెళ్ళి ముఖాలతోనూ నడిచారు.

ఇవేవీ తెలియని అబూ నిమర్ ఇంట్లో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. పాషా ముందే ఫోన్ చేసి, "నమాజయ్యాక నీ ఇంట్లో కాఫీ తాగుతామయ్యా" అన్నాడు. "ఇల్లు మీది పాషా" అన్నాడితను. నేల పోతోందన్న దుఃఖం ఒకవైపు పొడుస్తూనే ఉంది గానీ, అవ్వాద్ తల దించుకుని రాబోతున్నాడన్న సంతోషం ఇంకోవైపు కాస్త మందు రాస్తోంది. ఓ నలుగురు వస్తారు కదా అని నాలుగు కప్పులు తుడిచిపెట్టాడు.

అప్పుడే వీధి తలుపు తోసుకుని ఉమ్ నిమర్ వచ్చింది. నెత్తి మీద పెద్ద మూట. మూట వంటింటి బల్ల మీద దింపి, ముడి విప్పింది. లోపల పచ్చగా, కాడలు లేకుండా, కడిగి ఆరబెట్టిన ములూఖియా ఆకు కుప్పలా ఉంది.

అబూ నిమర్ ఆకునీ ఆవిడనీ మార్చి మార్చి చూశాడు.

"అలా చూస్తావేంటి? తెల్లారకుండా కోసుకెళ్ళాను. మా అక్కా, కోడళ్ళూ అందరం కూర్చుని దూస్తే ఇప్పటికయింది. నీకు వదిలేస్తే ఒక్కో మొక్కకీ వీడ్కోలు చెప్పి సాయంత్రానికి నాలుగు రెమ్మలు తెచ్చేవాడివి. పలకలు పరిపించుకోవాల్సొచ్చేది. నాక్కావలసింది పలకలు కాదు, కూర."

"నువ్వు... కోశావా?"

"రాత్రి చెప్పలా? టీవీలో ఎరువుల ప్రోగ్రాం చూస్తూ 'ఊఁ' అన్నావు."

"నేను ఎరువుకి ఊఁ అన్నాను!" నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు అబూ నిమర్. "మరి మడిలో మేక ఉందే!"

"చేతుల్నిండా మోపులు, పెరటి గేటు గడియ పెట్టలేకపోయాను. వచ్చుంటుంది, రాలిన ఆకులు ఏరుకుని ఉంటుంది పాపం. అయితే ఏం?"

అయితే ఏమిటో అతను చెప్పాడు. ఫలాఫెల్ కొట్టు, తాడు, బుద్ధి, అన్నీ చెప్పాడు. కాఫీ మాట ఆఖరున చెప్పాడు. ఉమ్ నిమర్ కుర్చీలో కూలబడింది.

"కాఫీ తెంచావా? అవ్వాద్‌తోనా? మొండాలు చూశావుగా, వరసగా, ఒకే ఎత్తున, మళ్ళీ చిగురెయ్యడానికి వీలుగా కోశాను. మేక కొడవలి పట్టుకుని కోస్తుందటయ్యా? ఊరంతా కొలిచి వచ్చినవాడివి, జానెడు ఎత్తు కొలవలేకపోయావా?"

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"నలుగురిలో అరిచావు, నలుగురిలో తప్పయిందని ఒప్పుకో."

"ఛ! తప్పు చేసినవాడికోసం జాహ దారిలో ఉంది. నేను ఎదురెళ్ళి తప్పు చేసింది నేనే అంటే పాషా ముఖం ఎక్కడ పెట్టుకుంటాడు?"

పాషా ముఖం గురించి అతనికి అంత బెంగ ఉందని ఉమ్ నిమర్‌కి అప్పుడే తెలిసింది. మొత్తానికి అబూ నిమర్ ఒక ఉపాయం ఆలోచించాడు. వాళ్ళొస్తారు, కాఫీ పోస్తాడు, మేకను ఉదారంగా క్షమించేస్తాడు, వాళ్ళు దీవించి పోతారు. ఆ తర్వాత దాహిర్ వస్తాడు, వేడివేడి ములూఖియా తింటాడు, పలకలు ఎత్తుకుపోతాడు. ఊరు దక్కుతుంది, నేలా దక్కుతుంది. కావలసిందల్లా ఒకటే. జాహ వెళ్ళేదాకా ములూఖియా వంటింటి గడప దాటకూడదు.

"వెల్లుల్లి తాలింపు కూడా వెయ్యకు. వాసన వీధి చివరిదాకా పోతుంది."

"తాలింపు లేకుండా ములూఖియా ఏంటి, గడ్డి," అంది ఉమ్ నిమర్. కానీ వెయ్యనని మాటిచ్చింది.

నాలుగు కప్పులు పట్టుకుని అబూ నిమర్ తలుపు తీశాడు. వీధి కనిపించలేదు. మనుషులే కనిపించారు. ముందు పాషా, ఆయనకు అటొకరు ఇటొకరు ఫాదర్‌గారూ ఇమామ్‌గారూ, వాళ్ళ వెనక తల దించుకున్న అవ్వాద్, అవ్వాద్ చేతిలో తాడు, తాడు చివర అమీరా. వాళ్ళ వెనక కొండ మలుపుదాకా జనం.

ఇంతమంది హాల్లో పట్టరు. హాల్లో పట్టకపోతే ఇంకెక్కడ? ఎవరో ముందుచూపున్న మహానుభావుడు పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే ప్లాస్టిక్ కుర్చీలు బండిలో వేసుకొచ్చాడు. పెరటి గేటు బార్లా తెరుచుకుంది. మొదటి వరస కుర్చీలు టమాటా మీద పడ్డాయి. రెండో వరస దోసపాదు మీద. పాషా రైహాన్ మడి మధ్యలో కుర్చీ వేయించుకుని, సువాసనకి సంతోషించి, బూటు ఇంకొంచెం లోపలికి దించాడు.

"కూర్చోండి, కూర్చోండి, మీ ఇల్లే అనుకోండి," అంటున్నాడు అబూ నిమర్. ఒక్కో కుర్చీ దిగబడినప్పుడల్లా అతని మొహంలో ఒక్కో నరం ఎగురుతోంది. మేక వచ్చి మేస్తే ఒక్క మడి పోయుండేది. దాని తరఫున క్షమాపణ చెప్పడానికి వచ్చినవాళ్ళు మిగతా పెరడంతా చదును చేసేశారు. వచ్చినవాళ్ళందరిలోకీ మర్యాదస్థురాలు అమీరాయే. పలకల దొంతరకు కట్టేస్తే తన మానాన తాను నిలబడి ఉంది.

కప్పులు చాలక ఇరుగుపొరుగు ఇళ్ళ నుంచి తెచ్చారు. పాషా కాఫీ అందుకుని, పద్ధతి ప్రకారం తాగకుండా పక్కన పెట్టి, గొంతు సవరించుకుని లేచాడు.

"గౌరవనీయుడైన అబూ నిమర్! మీ వంశం గొప్పది, మీ గడప పవిత్రమైంది. మీ ఇంటి వెలుగైన చిరంజీవి లక్షణసంపన్నురాలిని, మా అబ్బాయికి..."

పెళ్ళి ముఖాలవాళ్ళు పరామర్శ ముఖాలవాళ్ళ వైపు గర్వంగా చూశారు. ఫాదర్‌గారు పాషా అంగీ అంచు పట్టుకుని మెల్లగా లాగారు.

"పాషా, మేక. ఇది మేక విషయం."

"మేక," అన్నాడు పాషా ఏమాత్రం తొణక్కుండా. "అవును. మా అబ్బాయి అవ్వాద్ మేక వల్ల మీ మనసు నొచ్చింది. ఆ నొప్పి మా అందరిదీ. మన్నించమని అడగడానికి వచ్చాం. మా కాఫీ మీ మాట కోసం చూస్తోంది."

అబూ నిమర్ నోరు తెరవబోతుండగా అవ్వాద్ ముందుకొచ్చాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అన్నా, నీ కష్టం నాకు తెలుసు. రోజూ గోడ మీంచి చూస్తూనే ఉన్నాగా. నీళ్ళు రాని రోజున తాగే నీళ్ళు పోసి పెంచావు. దానికి నేనేం ఇచ్చినా చాలదు." తాడు కొస చేతుల్లోకి తీసుకున్నాడు. "అమీరాని తెచ్చా. నీది. పెంచుకుంటావో కోసుకుంటావో నీ ఇష్టం."

జనం నిట్టూర్చారు. ఇలా వస్తుందని అబూ నిమర్ ఉపాయంలో లేదు. అవ్వాద్ ఏదో సంజాయిషీ చెప్పుకుంటాడు, తాను ఏదో దయ చూపిస్తాడు అనుకున్నాడు గానీ, ప్రాణం లాంటి దాన్ని తాడుతో సహా తెచ్చి ఒళ్ళో పెడతాడనుకోలేదు. నిజం చెప్పేద్దామని ఒక్క క్షణం అనిపించింది. అన్ని వరసల కుర్చీలూ చూసేసరికి ఆ క్షణం గడిచిపోయింది.

"వద్దు తమ్ముడూ! నీ మేక నీకే," అన్నాడు. జనం భేషన్నారు. భేషన్న మాట వినగానే పాత జబ్బు తిరగబెట్టింది. గొంతు పెంచాడు. "ఒక్క ఆకు మిగల్లేదు! ఒక్క రెమ్మ మిగల్లేదు! నా పళ్ళెం ఖాళీ, నా కుండ ఖాళీ! అయినా సరే, క్షమించాను! కాఫీ తాగండి, మీరొచ్చిన పని అయినట్టే!"

కప్పులన్నీ ఒక్కసారి లేచాయి. సరిగ్గా అదే సమయంలో వంటింటి కిటికీలోంచి చుయ్యిమని చప్పుడు, దాని వెనకే నేతిలో వేగిన వెల్లుల్లీ ధనియాల వాసనా పెరట్లోకి దిగాయి. మా దేశంలో పుట్టినవాడికి ఆ వాసన ఏ కూరదో చెప్పక్కర్లేదు. పాషా ముక్కుపుటాలు కదిలాయి. ఫాదర్‌గారు కళ్ళు మూసుకున్నారు. అందరూ పెద్దమనుషులు గనుక పక్కింటి వంట అయుంటుందని మర్యాదగా అనుకున్నారు. పక్కిల్లు అవ్వాద్‌దే. అవ్వాద్ ఒక్కడే అయోమయంగా తన ఇంటి వైపు చూశాడు. వంటింట్లో ఉమ్ నిమర్ మాత్రం, మాట ఇచ్చింది నిజమే గానీ కాఫీ తాగండి అన్న మాట వినపడ్డాక ఇంకా ఏమిటని తాలింపు వేసేసింది.

అప్పుడు వచ్చాడు దాహిర్. వెనక మేస్త్రీ, మేస్త్రీ భుజం మీద తాపీ సంచీ. బావగారి కేక అతనికి వీధి మలుపులోనే వినిపించింది.

"విన్నాలే బావా. ఒక్క ఆకు మిగల్లేదు, కుండ ఖాళీ. పోనీ, వచ్చే జన్మలో పండిద్దువుగానీ." పెరటి వైపు చూసి మురిసిపోయాడు. "అబ్బో, నేల కూడా తొక్కించి చదును చేయించావే! మేస్త్రీ, మొదలెట్టు."

మేస్త్రీ మాటకారి కాదు, పనివాడు. పలకల దొంతరకు అడ్డంగా ఉన్న తాడు విప్పి పక్కన పడేశాడు. పై పలక ఒకటి ఎత్తాడు. తీసుకెళ్ళి ములూఖియా మొండాల మీద ఆనించాడు.

అబూ నిమర్ ఆ పలకను చూశాడు. పలక కింద వంగిన మొండాన్ని చూశాడు. ఇక ముఖం, పరువు, పాషా ఎవరూ గుర్తు రాలేదు.

"తియ్యండి! తియ్యండయ్యా ఆ పలక! ములూఖియా ఉంది! వంటింట్లో ఉంది, కుండెడు ఉంది! మేక తినలేదు, మా ఆవిడ కోసింది!"

పాషా తన చేతిలోని ఖాళీ కప్పులోకి చూసి అడిగాడు.

"అయితే నేనిప్పుడు తాగింది ఏ తప్పు తాలూకు కాఫీ?"

అవ్వాద్ అబూ నిమర్ వైపే చూస్తున్నాడు. తిట్టలేదు, అరవలేదు. తిట్టినా బాగుండుననిపించింది అబూ నిమర్‌కి. సిగ్గుతో అతని చెవులు మండిపోయాయి. తలెత్తలేకపోయాడు.

పాషా మాత్రం ఉత్సాహంగా లేచాడు. ఒకే ఖర్చుతో రెండు జాహలు ఆయన సర్వీసులో ఎప్పుడూ తగల్లేదు.

"అవ్వాద్, నువ్వు ఇంటికి పరిగెత్తు. కాఫీ పెట్టించు. అబూ నిమర్ తరఫున మేం జాహ కట్టుకుని వస్తున్నాం. పదండయ్యా, కుర్చీలు ఎత్తండి!"

అవ్వాద్ పరిగెత్తాడు. వెనకే జనమంతా ఒక గేటులోంచి బయటికొచ్చి, పది అడుగులు నడిచి, ఇంకో గేటులోకి వెళ్ళారు. అక్కడ అవ్వాద్ రొప్పుతూ, ఇప్పుడే చూస్తున్నట్టు, "రండి రండి, ఎన్నాళ్ళకెన్నాళ్ళకు!" అంటూ ఆహ్వానించాడు. పాషా అదే ప్రసంగం పేర్లు మార్చి చెప్పాడు. ఈసారి మేక మాట మొదట్లోనే అన్నాడు. కాఫీ కప్పు అబూ నిమర్ ముందుకు వచ్చి ఆగింది.

"నా కాఫీ నీకు విషమన్నావు కదన్నా," అన్నాడు అవ్వాద్ నెమ్మదిగా. "అంతమందిలో."

"అన్నాను. గాడిదని. విషమైనా తాగుతాను తమ్ముడూ, పొయ్యి."

అవ్వాద్ కూజా ఎత్తి పోశాడు. పోసి, "ఒక్కటి అడుగుతా" అన్నాడు. "మీ పెరట్లో ఏది కోసినా కాడలు మా పిల్లకి పంపు. నింద మోసింది కదా."

"పంపుతాను. నా చేత్తో నేనే కోసి పంపుతాను," అన్నాడు అబూ నిమర్. కోసి అన్న మాట అతని నోట ఊరు మొదటిసారి విన్నది.

ఉమ్ నిమర్ కుండను గోడ మీంచి ఇటు అందించింది. ఎనిమిదిమందికి వండిన కూర ఊరందరికీ తలో గరిటె వచ్చింది. దాహిర్ తన వంతు నిమ్మకాయ పిండుకుని తిన్నాడు, పళ్ళెం రొట్టెతో తుడుచుకుని మళ్ళీ తిన్నాడు.

"బాగుంది బావా. ఒప్పందం ఒప్పందమే. రేపు బండి పంపి పలకలు తీసుకెళ్తా."

అబూ నిమర్‌కి కళ్ళు చెమ్మగిల్లాయి. నేల దక్కింది. అవ్వాద్ దక్కాడు. దోస పోతేనేం, మళ్ళీ వేస్తాడు. టమాటా పోతేనేం, మళ్ళీ నాటుతాడు. ములూఖియా అయితే నాటనక్కర్లేదు కూడా, జానెడు మొండాలున్నాయి, వారంలో చిగురేస్తాయి. ఒక్కసారి చూసుకుని వద్దామని, ఎవరికీ చెప్పకుండా లేచి, తన పెరటి వైపు నడిచాడు.

గేటు బార్లా తెరిచి ఉంది. ఇంతమందిలో గడియ పెట్టాలని ఒక్కరికీ తోచలేదు. పుదీనా ఉన్నచోట పుదీనా లేదు. మల్లెతీగ గోడ మీద ఎత్తున ఉంది గనుక బతికింది. పలకల దొంతర దగ్గర, మేస్త్రీ తాడు విప్పి పడేసిన చోట, హడావుడిలో అవ్వాద్ మర్చిపోయిన మేక మాత్రం లేదు.

అమీరా మడి మధ్యలో ఉంది. క్షమాపణలు రెండు విడతలుగా ముందే అయిపోయాయి గనుక, మొండాలను ఒక్కొక్కటే వేళ్ళతో సహా పీకుతూ, మిగిలిపోయిన నేరాన్ని తీరిగ్గా పూర్తి చేస్తోంది.